పెద్దప్రేగులో దీపం

బరంపురం నుంచి ఒక సోదరి మాకు పెద్ద ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. వారి భర్తగారికి యాభై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ క్రితం ఒక నగరంలో కొలనోస్కోపీ చేయించుకొన్నారు. అంతా బాగానే ఉన్నదని కాగితం ఇచ్చి పంపారు. ఇప్పుడు నాలుగు నెలలుగా విరేచనంలో రక్తం కనిపిస్తున్నది, మనిషి పాలిపోయారు. ఆయన మాత్రం "కెమెరా పెట్టి చూసి ఏమీ లేదన్న తర్వాత ఇంకేముంటుంది, మొలలే" అంటున్నారట. బావగారు కూడా ఆ మాటే బలపరచారట. "చూసి లేదన్నదాన్ని మళ్ళీ అనుమానించవచ్చునా? నాది చాదస్తమా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీది చాదస్తం కాదు. ఈ సంచిక అచ్చయి మీ చేతికందేదాకా ఆగవద్దనీ, ఆయనను వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళమనీ మీకు విడిగా జాబు వ్రాశాం. మొలలే కావచ్చు, కాకపోవచ్చు. ఆ సంగతి ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. అయితే మీ ప్రశ్న మీ ఒక్కరిది కాదు. యాభై దాటిన వారున్న ప్రతి ఇంటికీ నేడో రేపో వచ్చేదే. అంచేత ఈ నెల శీర్షిక అంతా దానికే కేటాయిస్తున్నాం.

మన పెద్దప్రేగు సుమారు అయిదడుగుల గొట్టం. పొట్టకు కుడివైపు అడుగున, ఉండుకం ఉన్నచోట, అంధనాళమనే సంచితో మొదలవుతుంది. అక్కడినుంచి పైకెక్కి, అడ్డంగా సాగి, ఎడమవైపు దిగి, మెలిక తిరిగి పురీషనాళంలో కలుస్తుంది. లోపలి గోడ నునుపుగా ఉండదు. ముడుత వెనుక ముడుత. వయసు మీరిన కొద్దీ కొందరికి ఆ గోడమీద చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. వీటినే వైద్యులు పాలిప్‌లంటారు. వాటిలో అడినోమా అనే రకం కొన్నాళ్ళకు, అంటే చాలావరకు పదేళ్ళకో అంతకు పైనో, కాన్సరుగా మారవచ్చు. అన్నీ మారవు, కొన్నే మారతాయి. ఏది మారుతుందో ముందుగా చెప్పలేరు గనుక కనిపించినదాన్నల్లా తీసివేస్తారు. పూర్వం రాచపుండు అని పేరు చెప్పడానికే భయపడిన జబ్బులలో, పుట్టకముందే త్రుంచివేయగలిగే వీలున్నవి చాలా తక్కువ. ఇది అందులో ఒకటి. 2022లో ప్రపంచం మొత్తంమీద సుమారు 19 లక్షలమందికి ఈ జబ్బు కొత్తగా వచ్చిందనీ, 9 లక్షలమంది దీనితో పోయారనీ లెక్క. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో తక్కువే. తక్కువ అంటే లేదని కాదు గదా.

1969లో న్యూయార్కులో వోల్ఫ్, షిన్యా అనే ఇద్దరు వైద్యులు కొలనోస్కోపుతోనే, పొట్ట కోయకుండా, తీగ ఉచ్చు బిగించి పాలిప్ తీసే పద్ధతి మొదలుపెట్టారు. వ్రేలెడు లావు గొట్టం, చివర దీపం, కెమెరా. వెంట ఆ ఉచ్చు. అలా పాలిప్‌లు తీయించుకొన్న 1418 మందిని అమెరికాలో ఏళ్ళ తరబడి గమనించి 1993లో ఫలితం ప్రకటించారు. రావలసినంతమందికి కాన్సరు రాలేదు. ఏ లెక్కతో పోల్చామన్నదాన్ని బట్టి నూటికి 76 నుంచి 90 వంతులు తగ్గింది. ఆ మాట విన్న తర్వాత లోకమంతా ఈ పరీక్షమీద పడింది.

ఇక్కడే ఒక చిక్కున్నది. దీపం ఎవరు పట్టుకొన్నా వెలుగుతుంది. ముడుత వెనుక ఉన్నది కనబడటం మాత్రం పట్టుకొన్నవారిని బట్టి ఉంటుంది. రక్తపరీక్ష యంత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకే సంఖ్య చెబుతుంది. కొలనోస్కోపీ అటువంటిది కాదు. ఒకే ఊళ్ళో, ఒకే ఆసుపత్రిలో, పక్కపక్క గదుల్లో చేసినా రెండు పరీక్షలూ ఒకటి కావు. వైద్యులు ఈ నిజాన్ని ఒప్పుకొని, కొలిచి, దిద్దుకొన్న కథ మాకు చాలా గొప్పదిగా తోస్తుంది. దిద్దుబాటు బ్రిటనులో మొదలయిందని కాదుగాని, అక్కడి లెక్కలు నిర్మొహమాటంగా అచ్చయినాయి.

1999లో బ్రిటనులో మూడు ప్రాంతాల ఆసుపత్రులలో నాలుగు నెలలపాటు జరిగిన 9223 కొలనోస్కోపీలను తనిఖీ చేశారు. గొట్టం ఆఖరి కొసదాకా, అంటే అంధనాళందాకా చేరితేనే పరీక్ష పూర్తయినట్టు. చేరామని వైద్యులు చెప్పుకొన్నది నూటికి 77. అక్కడి గుర్తులు చూశామన్న ఆధారం అడిగేసరికి అది 57కు పడిపోయింది! నూరుమందిలో నలభై ముగ్గురికి పెద్దప్రేగు కడదాకా చూసిన రుజువే లేదన్నమాట. పైగా ఈ పనిలో ఉన్న వైద్యులలో, తమ మొదటి నూరు పరీక్షలు పెద్దవారి పర్యవేక్షణలో చేసినవారు నూటికి 17 మందే. ప్రేగుకు చిల్లు పడటం 769 పరీక్షలకు ఒకటి. ఈ లెక్క 2004లో ప్రకటించారు. ఎవరో పత్రికా విలేఖరి బయటపెట్టినది కాదు. ఆ వైద్యులే తమ వృత్తిపత్రికలో తామే వేసుకొన్నారు.

సిగ్గుపడి దాచలేదు, శిక్షణ మొదలుపెట్టారు. కొత్తవారికి చేయిపట్టి నేర్పే కేంద్రాలు పెట్టారు. ఆసుపత్రులకు గుర్తింపు నియమాలు వచ్చినాయి. 2006లో ఇంగ్లండు ప్రభుత్వం ప్రజలందరికీ పెద్దప్రేగు కాన్సరు ముందస్తు పరీక్ష ప్రారంభించినప్పుడు, అందులో కొలనోస్కోపీ చేయదలచిన వైద్యుడు ఎంత అనుభవజ్ఞుడైనా సరే, మళ్ళీ పరీక్షకు కూర్చుని, మరొకరు చూస్తూండగా చేసి చూపి నెగ్గవలసిందేనని నిబంధన పెట్టారు. తల నెరసిన వైద్యులు పరీక్ష హాలులో కూర్చున్న దృశ్యం ఊహించుకోండి. మన దేశంలో అలాంటి నిబంధన పెడితే ఎంత గగ్గోలు పుట్టేదో! 2011లో మళ్ళీ దేశమంతటా 302 కేంద్రాలలో రెండు వారాలపాటు తనిఖీ చేశారు. ఇరవై వేల పైచిలుకు పరీక్షలలో అంధనాళందాకా చేరినవి నూటికి 92. చిల్లు పడటం పదివేలకు నాలుగు. పన్నెండేళ్ళలో యంత్రాలు కొంత మెరుగుపడిన మాట నిజమే. ఎక్కువగా మెరుగుపడింది మాత్రం చేతులేనని మా అభిప్రాయం.

అయితే కొసదాకా చేరినంత మాత్రాన చూసినట్టు కాదు. పాలిప్‌లకోసం నిజంగా వెదికేది గొట్టాన్ని వెనక్కి తీసేటప్పుడు. అమెరికాలో రాక్‌ఫర్డ్ అనే ఊళ్ళో పన్నెండుమంది వైద్యులు తమ పనిని గడియారం పెట్టి కొలుచుకొని 2006లో ప్రకటించారు. అందరూ అనుభవజ్ఞులే. వెనక్కి తీయడానికి ఒకరికి సగటున మూడు నిమిషాలు, మరొకరికి పదహారు నిమిషాలకు పైన! ఆరు నిమిషాలు, అంతకు మించి తీసుకొన్నవారు నూటికి 28 మందిలో పాలిప్‌లు పట్టారు. త్వరగా ముగించినవారు 12 మందిలోనే. రోగులు ఒకే ఊరివారు, ప్రేగులు ఒకే తీరువి. తేడా అంతా చూపులోనిది.

ఈ చూపును కొలవడానికి వైద్యులు ఒక లెక్క కట్టారు. నూరుమందిని పరీక్షిస్తే ఎంతమందిలో కనీసం ఒక అడినోమా అయినా దొరికింది? ఇదే ఆ వైద్యుని అడినోమా డిటెక్షన్ రేటు. ఇదేదో ఆఫీసు లెక్క అనిపించవచ్చు. దీని వెనుక ప్రాణాలున్నాయని పోలండు చూపింది. ఆ దేశపు ముందస్తు పరీక్షలలో 186 మంది వైద్యుల చేతుల మీదుగా వెళ్ళిన 45 వేలమంది ఆరోగ్యాన్ని తర్వాత సంవత్సరాలలో గమనించారు. పరీక్ష అయిపోయి, నిశ్చింతగా ఇంటికి వెళ్ళి, తర్వాతి పరీక్ష రాకముందే కాన్సరు బయటపడినవారు 42 మంది. నూటికి ఇరవైమందిలోనన్నా అడినోమా పట్టగల వైద్యుని దగ్గరకు వెళ్ళినవారితో పోలిస్తే, అంతకు తక్కువ పట్టేవారి దగ్గరకు వెళ్ళినవారికి ఆ ప్రమాదం పదింతలకు మించి ఉన్నదని 2010లో తేల్చారు. బరంపురం సోదరి అడిగినదానికి సమాధానం ఇందులో ఉన్నది. కాలిఫోర్నియాలో 136 మంది వైద్యులు చేసిన మూడు లక్షల పైచిలుకు పరీక్షల లెక్క 2014లో వచ్చింది. అక్కడ ఒక వైద్యునికి ఆ శాతం ఏడు, మరొకరికి యాభై రెండు. శాతం ఒక్కటి పెరిగితే, అలా తర్వాత బయటపడే కాన్సరు ప్రమాదం నూటికి మూడు వంతులు తగ్గుతూ వచ్చింది.

మరి తక్కువ శాతమున్న వైద్యుడు జన్మంతా అలాగే ఉంటాడా? ఉండనక్కరలేదని మళ్ళీ పోలండే చెప్పింది. ఏటేటా ఎవరి లెక్క వారికి పంపి, మిగిలినవారితో పోల్చి చూపితే, ముప్పాతిక మంది మెరుగుపడ్డారు. మెరుగుపడినవారి దగ్గర పరీక్ష చేయించుకొన్నవారిలో తర్వాతి కాన్సరు మూడోవంతుకు పైగా తగ్గింది. ఇది 2017నాటి ఫలితం. కొరడా లేదు, జరిమానా లేదు. ఒక కాగితంమీద ఒక సంఖ్య, అంతే.

అలాగని గడియారం ఒక్కటే పెడితే పని జరగదు. బోస్టనులో ఒక ఆసుపత్రి ఏడు నిమిషాలకు తక్కువ కాకుండా వెనక్కి తీయాలని అందరికీ ఉత్తర్వు చేసింది. నిమిషాలు పెరిగినాయి, పాలిప్‌లు పెరగలేదు. దేవుడి గదిలో కూర్చున్నంతసేపూ జపం చేసినట్టు కాదు గదా! ఉత్తర ఇంగ్లండులో పన్నెండు ఆసుపత్రులు వేరే దారి పట్టినాయి. ఆరు నిమిషాలకు తోడు మూడు చిన్న పనులు చేర్చారు: ప్రేగు బిగువు సడలించే మందు ఇవ్వడం, అడ్డంగా సాగే భాగాన్ని చూసేటప్పుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టడం, పురీషనాళంలో గొట్టం కొస వెనక్కి వంచి చూడటం. ఖర్చు అతి స్వల్పం. ఆసుపత్రులన్నిటి సగటు శాతం 16 నుంచి 18కి పెరిగింది. రెండే గదా అనవద్దు, కాలిఫోర్నియా లెక్క పైన చెప్పాం. బాగా వెనుకబడినవారే ఇందులో ఎక్కువ లాభపడ్డారు. అమెరికా వైద్యసంఘాలు 2024లో ఈ కొలబద్దను ఇంకా పైకి జరిపి, శాతం 35 ఉండాలనీ, వెనక్కి తీసే సమయం సగటున ఎనిమిది నిమిషాలు ఉండాలనీ చెప్పినాయి.

ఇదంతా వైద్యుని వంతు. పరీక్షలో సగం వంతు రోగిది. ఈ మాట మన ఇళ్ళలో ఎవరికీ పట్టదు. ప్రేగు శుభ్రం కాకపోతే ఎంతటి నిపుణుడైనా బురదనీటిలో సూది వెదికినట్టే. ముందురోజు ఇచ్చే పొడి కలిపిన నీళ్ళు లీటర్లకొద్దీ త్రాగాలి. రుచి ఉప్పగా, వెగటుగా ఉంటుంది. సగం త్రాగి సగం తొట్టిలో పారబోసి "అయిపోయింది" అనే మహానుభావులున్నారు. పారబోసింది నీళ్ళు కాదు, పరీక్ష.

ఆ మందును ఒకేసారి సాయంత్రమే ముగించడంకన్నా సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు త్రాగితే ప్రేగు చాలా శుభ్రపడుతుంది. కారణం తేలికే. రాత్రంతా చిన్నప్రేగు నుంచి పసరు దిగుతూనే ఉంటుంది. అది మొదట పడేది కుడివైపు పెద్దప్రేగులో. తెల్లవారేసరికి ఆ భాగానికి అలికినట్టు పూత పడుతుంది. గోడకు చదునుగా అంటుకొని ఉండే పాలిప్‌లు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకొని లేచి త్రాగడం కష్టమే. ఏకాదశికి, శివరాత్రికి జాగారం చేసే ఇళ్ళలో ఇదొక లెక్కా? అయితే మత్తు ఇస్తారు గనుక పరీక్షకు ఎన్ని గంటల ముందు చుక్కనీరు కూడా మానాలో వైద్యుని అడిగి దాన్నే పాటించాలి.

తిండి సంగతి. రెండు మూడు రోజుల ముందునుంచే పీచు, గింజ ఉన్నవి మానాలి. కర్ణాటకలో ఉన్న మనవారికి రాగిముద్ద, ఒరిస్సా వైపు వారికి ఆకుకూర లేనిదే ముద్ద దిగదు. ఆ రోజులకు దిగాలి. జామ, టమాట, వంకాయ, నువ్వులు, తాలింపులో ఆవాలతో సహా వద్దు. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ చాలు. ముందురోజు తేరిన ద్రవాలే: కొబ్బరినీళ్ళు, వడకట్టిన కట్టు, పాలు లేని కాఫీ. చెన్నపట్నంలో ఉన్నవారు పాలు లేని కాఫీని కాఫీ అనరని మాకు తెలుసు. ఒక్కరోజు అనుకోవాలి. మజ్జిగ ఎంత పలుచన చేసినా తేరిన ద్రవం కాదు. ఎర్రని పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనిపించి తికమక పెడతాయి. ఇనుము మాత్రలు ప్రేగుకు నల్లని మసి పూస్తాయి గనుక వారం ముందే ఆపమంటారు. మధుమేహానికి, రక్తం పలుచన కావడానికి మందులు వాడేవారు ఏది ఆపాలో, ఏది తగ్గించాలో సొంతంగా నిర్ణయించుకోకూడదు. చివరకు వచ్చేది లేత పసుపు నీరులా ఉంటే ప్రేగు శుభ్రపడినట్టు. ఇంకా మడ్డిగా ఉంటే ఆ మాట దాచకుండా నర్సుకు చెప్పాలి. పరీక్ష నడుస్తుండగా ఇటు తిరగండి, అటు తిరగండి అంటే విసుక్కోవద్దు. లోపలి గాలి పైకి లేచి, పైనున్న భాగం విచ్చుకొంటుందని తిప్పుతారు.

మన దేశంలో పెద్దప్రేగు కాన్సరుకు దేశవ్యాప్తంగా ముందస్తు పరీక్షల ఏర్పాటు లేదు. ప్రభుత్వం చేసే పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడింటికే. ఇంగ్లండులో ఉన్న మన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ యాభై దాటితే రెండేళ్ళకోసారి టపాలో ఇంటికే చిన్న పెట్టె వస్తుంది. పుల్లతో విరేచనం నమూనా తీసి పంపితే, కంటికి కనబడని రక్తముంటే చెప్పి కొలనోస్కోపీకి పిలుస్తారు. ఆ పెట్టెను అటకమీద పడేసేవారు ఎక్కడైనా ఉంటారు. పోలండు, నార్వే, స్వీడను దేశాలలో ఉచితంగా కొలనోస్కోపీకి పిలిచి చూస్తే వచ్చింది నూటికి 42 మందే. ఇక్కడ మనకు పిలిచేవారే లేరు గనుక రోగలక్షణాలే పిలుపు. విరేచనంలో రక్తం, కొత్తగా మారిన విరేచనపు అలవాటు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం. వీటిలో ఏదున్నా "మూలశంకే" అని నాటుమందు పూసుకొంటూ ఏడాది గడపడం మన ఇళ్ళలో మగవారు పెద్దరికం కింద చేసే పని, ఆడవారు సిగ్గుకొద్దీ చేసే పని. మొలలున్నవారికి కాన్సరు రాకూడదన్న నియమమేదీ లేదు.

పరీక్ష అయిన తర్వాత కాగితం తీసుకొని అలాగే సంచిలో పెట్టుకోకండి. అంధనాళందాకా చేరినట్టు వ్రాశారా, దాని ఫొటో ఉన్నదా? ప్రేగు ఎంత శుభ్రంగా ఉన్నదో వ్రాశారా? బోస్టన్ స్కేలు ప్రకారం మూడు భాగాలకు తలా మూడు, మొత్తం తొమ్మిది మార్కులు. ఏ భాగానికీ రెండుకు తగ్గకూడదు. తగ్గితే "ఏమీ లేదు" అన్నమాటకు విలువ తగ్గుతుంది, త్వరలోనే మళ్ళీ చేయించుకోవాలి. డాక్టరుగారిని మీ డిటెక్షన్ రేటు ఎంతండీ అని అడగవచ్చునా? అడగవచ్చు. మర్యాదగా, పరీక్షకు ముందే అడగండి. లెక్క ఉంచుకొనే వైద్యుడు సంతోషంగా చెబుతాడు. కోప్పడితే అదీ ఒక సమాధానమే.

ఇటీవల కంప్యూటరు సాయం వచ్చింది. తెరమీద పాలిప్ కనబడగానే దాని చుట్టూ గీత గీసి చూపుతుంది, చాలా పరిశోధనలలో శాతం పెంచింది కూడా. అయితే 2025లో పోలండు నుంచే ఒక చేదు వార్త వచ్చింది. నాలుగు కేంద్రాలలో ఈ సాయానికి అలవాటుపడిన అనుభవజ్ఞులు, అది లేకుండా చేసినప్పుడు వారి శాతం 28 నుంచి 22కు దిగింది. ఇంకా ఎక్కువ పరిశీలన జరగాలి గాని, గీతకోసం ఎదురుచూసే కన్ను తానుగా వెదకడం మానేస్తుందేమోనన్న అనుమానం మాకూ కలుగుతున్నది.

శుభ్రమైన ప్రేగులో, కడదాకా చేరి, తీరికగా చూసి ఏమీ లేదంటే మామూలు మనిషికి పదేళ్ళదాకా మళ్ళీ అవసరం లేదంటారు. నడుమ లక్షణాలు కనిపిస్తే ఆ పదేళ్ళ మాట చెల్లదు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో అరవైలోపు ఈ జబ్బు వచ్చి ఉంటే, నలభయ్యో ఏటనే మొదలుపెట్టాలి. లేదా వారికి వచ్చిన వయసుకు పదేళ్ళ ముందు. ఈ రెండింటిలో ఏది ముందైతే అది. తాతముత్తాతల గోత్రనామాలు వ్రాసి ఉంచుకొనే ఇళ్ళలో కూడా నాన్నగారు ఏ జబ్బుతో, ఎన్నో ఏట పోయారో వ్రాసి ఉండదు. తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి, ఆ పుస్తకంలోనే ఒక పక్కన వ్రాసుకోండి.